మా నాయన మెడలో ఆ పార్టీ కండువా

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో పార్టీల పేర్లు ఉండవు. పేర్లు చెప్పిన మరుక్షణం మీరు జరిగింది వినడం మానేసి నేను ఏ పక్కదాన్నో ఆరా తీయడం మొదలుపెడతారు. మా వైపు మనుషులకు అదొక జబ్బు, దానికి మందు లేదు. అందుకని మా నాయనది 'మా పార్టీ', ఎదుటివాళ్ళది 'ఆ పార్టీ' అనుకోండి, సరిపోతుంది. నాది ఏ పార్టీ అని మాత్రం అడక్కండి. మా ఇంట్లో ఆ ప్రశ్న ఆడవాళ్ళను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగనప్పుడు నేనెందుకు చెప్పాలి?

మాది పెద్దపంజాణి దగ్గర పల్లె. ఏం కావాలన్నా పుంగనూరికి ఆటో ఎక్కాలి. నాయనకు కొంత మెట్ట పొలం, ఒక బోరు, పాడి ఆవులు ఉన్నాయి. టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు, పాలు డెయిరీకి, మిగిలిన పొద్దంతా పార్టీకి. ఇన్నేళ్ళలో పార్టీ మీ ఆయనకు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే, బొంగురు గొంతు ఇచ్చిందని చెప్పేది అమ్మ. నిజంగానే ఆయనకు ఒక పదవి లేదు, ఒక కాంట్రాక్టు లేదు. పుంగనూరులో మీటింగు జరిగితే జనంలో ఎక్కడో వెనక నిలబడి కేకలు వేసి, ఇంటికొచ్చి ఉప్పునీళ్ళు పుక్కిలించేవాడు. అంతే ఆయన రాజకీయం.

అయినా ఆయనకు ఒక గర్వం ఉండేది. మా వైపు మనిషి పార్టీ మారాలంటే పెద్ద తతంగమేమీ అక్కర్లేదు. అవతలి వాళ్ళ దగ్గరికి పోతే వాళ్ళు తమ రంగు కండువా మెడలో వేస్తారు, ఎవరో ఒకరు ఫోటో తీస్తారు, పొద్దు గూకేలోపల ఆ ఫోటో అందరి ఫోన్లకూ చేరుతుంది. దాంతో మారిపోయినట్టే. ఇంకెవరూ ఏమీ అడగరు. ప్రభుత్వం మారినప్పుడల్లా మా పల్లెలో సగం మెడలు రంగు మారతాయి. మారి, వెనక్కి వచ్చి, మళ్ళీ మారిన మెడలు కూడా ఉన్నాయి. నాయన మాత్రం ఒక్కసారీ మారలేదు. ఒకప్పుడు పార్టీ చిత్తుగా ఓడిపోయి, ఆ పార్టీ వాళ్ళు వచ్చి మా గడప ముందరే టపాకాయలు కాల్చినప్పుడు కూడా మారలేదు. "ఈ మెడకు ఒకటే గుడ్డ" అని టీకొట్టు బెంచీ మీద కూర్చొని చెప్పేవాడు. వినీ వినీ ఆ కొట్టుకొచ్చే వాళ్ళందరికీ ఆ మాట కంఠతా వచ్చేసింది.

గర్వంతో పాటు మొండితనం కూడా ఉండేది మరి. మా దాయాదుల ఇంట్లో ఒక సంబంధం దాదాపు ఖాయమయ్యాక, పిల్లవాడి తండ్రి ఆ పార్టీలో తిరిగే మనిషని తెలిసింది. నాయన ముందు నిలబడి దాన్ని చెడగొట్టాడు. ఆ ఇంట్లో మన పిల్ల మంచినీళ్ళు ఎట్లా తాగుతుందని అడిగాడట. ఆ పిల్ల ఇప్పటికీ నాయన ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన సంబంధం నాది.

నేను అప్పుడు మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాల రక్తం తీయడమే పని. నా చేతిలో సూది కన్నా నోరే ఎక్కువ పొడుస్తుందని తోటివాళ్ళు అనేవాళ్ళు. హాస్టల్లో ఉండి ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. వి.కోటలో ఉండే అమ్మ తరపు బంధువొకాయన కుప్పం సంబంధం తెచ్చాడు. పిల్లవాడు రోజూ రైలెక్కి బెంగుళూరు పోయి ఉద్యోగం చేసుకొని, మళ్ళీ రైలెక్కి ఇల్లు చేరే రకం. వాళ్ళు నన్ను చూడటానికి వచ్చేసరికి ఓట్లు వేయడం అయిపోయింది, లెక్కపెట్టడం ఇంకా మిగిలుంది. ఆ మధ్య రోజుల్లో మా వైపు ఎవరూ కొత్తవాళ్ళ దగ్గర పార్టీ ఊసెత్తరు. ఎవరు గెలుస్తారో తెలియకుండా నోరు జారడం ఎందుకని. అందుకే మా వాళ్ళూ వాళ్ళూ కలిసి బోర్లు ఎండిపోవడం గురించి, టమోటా ధర గురించి, పాలలో వెన్న శాతం గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నారు. కులం, పొలం, నక్షత్రం అన్నీ అడిగారు. పార్టీ మాత్రం అడగలేదు.

పిల్లవాడు నాకు నచ్చాడు. దాపరికమెందుకు, బాగా నచ్చాడు. నేను గట్టిగా మాట్లాడితే మెల్లగా నవ్వి ఊరుకునే మనిషి. అట్లాంటివాడు దొరికితే వదులుకునేంత తెలివితక్కువదాన్ని కాను.

తాంబూలాలు మార్చుకోవడాన్ని మేం వక్కాకు మార్చుకోవడం అంటాం. వక్కాకు పళ్ళెం ఒకసారి చేతులు మారిందంటే మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత ఎంత గొడవ వచ్చినా వెనక్కి పోకూడదు, పోతే ఊళ్ళో తలెత్తుకోలేరు. దానికి రోజు చూడమంటే పుంగనూరు పంతులు కొన్ని మంచి రోజులు చెప్పాడు. నాయన వాటిలో ఒక్కటీ ఒప్పుకోలేదు. ఓట్లు లెక్కపెట్టే రోజే కావాలన్నాడు. మా పార్టీ గెలవడం ఖాయం, అటు గెలుపూ ఇటు వక్కాకూ కలిసి ఒకటే పండగ అని ఆయన ఆలోచన. పంతులు పంచాంగం అటూ ఇటూ తిరగేసి, ఆ రోజు అంత గొప్పదేం కాదు, మధ్యాహ్నం మీద ఒక చిన్న ముహూర్తం తప్ప ఏమీ లేదని నసిగాడు. అది చాలన్నాడు నాయన. కుప్పానికి ఫోన్ చేసి ఆ రోజు అనుకుంటున్నామని చెప్తే, అవతల పిల్లవాడి తండ్రి, అంటే ఇప్పటి నా మామ, ఎగిరి గంతేసినంత పని చేశాడు. తానూ అదే అడగాలనుకుంటున్నానని, తన నోట్లో మాట లాక్కున్నారని అన్నాడట.

ఫోన్ పెట్టేసి నాయన మీసం దువ్వుకున్నాడు. "మనోడే. మనోడు కాకుంటే ఆ రోజుకు అంత సంబరంగా ఒప్పుకుంటాడా?" అన్నాడు అమ్మతో.

కుప్పంలో మామ కూడా ఫోన్ పెట్టేసి సరిగ్గా ఇదే అన్నాడని నాకు తర్వాత తెలిసింది. ఎన్నికల పిచ్చి తలకెక్కిన మా ప్రాంతపు తండ్రులు తప్ప ఇట్లాంటి పొరపాటు ఇంకెవరూ చేయలేరు. ఎవరికి వాళ్ళు తామే గెలుస్తామని నమ్మారు. ఆ రోజు పండగ చేసుకుందామన్నవాడు తమవాడే అయ్యుంటాడనుకున్నారు. ఓడిపోయేవాడు కూడా ముందురోజు దాకా గెలుస్తాననే అనుకుంటాడన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

రైల్లో సీటు దొరికినప్పుడల్లా పిల్లవాడు నాకు ఫోన్ చేసేవాడు. ఒక సాయంత్రం, లెక్కింపు రోజు కోసమని వాళ్ళ నాయన మిద్దె మీద కొత్త జెండా కట్టించాడని నవ్వుతూ చెప్పాడు. ఏ జెండా అని అడిగాను. చెప్పాడు. అది ఆ పార్టీది. మా నాయనది ఏ జెండానో చెప్పాను. రైలు చప్పుడు మధ్యలో, ఇప్పుడేం చేద్దామని అడిగాడు.

నన్నడిగితే నేనెవరిని అడగాలి? చెప్తే నాయన ఆ పూటే సంబంధం వద్దంటాడు. రోజు మార్చుకుందామంటే కారణం చెప్పాలి. పక్క సందులోకి తిరిగిపోయే ఆ దాయాదుల పిల్ల ముఖమే కళ్ళ ముందు తిరిగింది నాకు. ఆదివారం ఇంటికి పోయి, అమ్మ పాలు పితుకుతుంటే పక్కన కూర్చొని అంతా చెప్పాను. అమ్మ పితకడం ఆపలేదు.

"వక్కాకు చేతులు మారేదాకా నోరు మూసుకోనుండు. మారినాక ఎవురి జెండా ఎగిరితే మనకేమి?" అంది.

అంటే మాకు కావలసిందల్లా ఒకటే. ఆ రోజు మధ్యాహ్నం ముహూర్తం దాటేదాకా ఒకరి పార్టీ ఇంకొకరికి తెలియకూడదు. కానీ లెక్కింపు పొద్దున్నే మొదలవుతుంది, టిఫిన్ల వేళకే టీవీలు సగం కథ చెప్పేస్తాయి. ఫలితం తెలిసి ఇద్దరూ ఎదురుపడ్డారంటే ఒకరు ఎగురుతారు, ఒకరు ముఖం వేలాడేస్తారు, గుట్టు రట్టవుతుంది. కాబట్టి ముహూర్తం దాకా ఇద్దరి చెవినా ఫలితం పడకుండా చూడాలి. మా వైపు అమ్మా నేనూ ఉన్నాం. కుప్పం వైపు పాపం అతనొక్కడే.

ఇట్లాంటివి ఆడపిల్ల ఇంట్లోనే జరుగుతాయి గానీ, అప్పుడు మా మిద్దె పని సగంలో ఉండి వాకిలంతా ఇసుక, కంకర గుట్టలుగా ఉండటంతో కుప్పంలో వాళ్ళింట్లోనే పెట్టుకున్నాం. ఆ రోజు పొద్దున్నే బాడుగ సుమో వచ్చింది. నేను మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో నేసిన పట్టుచీర కట్టుకున్నాను. నాయన సీటు కిందికి ఒక గోతాం తోస్తుంటే ఏందని అడిగాను. టపాకాయలట. గెలిచినట్టు ఎక్కడ తెలిస్తే అక్కడ బండి ఆపి కాలుస్తాడట. పార్టీ కండువా కూడా తెచ్చుకునేవాడే గానీ, పట్టుపంచె మీదికి అదేం బాగుంటుందని అమ్మ ఒప్పుకోలేదు. అది తలుపు వెనక మేకుకే ఉండిపోయింది. ఆయన ఫోన్‌ను అమ్మ బియ్యం డ్రమ్ము వెనక ఛార్జింగుకు పెట్టింది. అదీ అక్కడే ఉండిపోయింది.

పుంగనూరులో పూలనూ పంతుల్నీ ఎక్కించుకున్నాక నాయన జేబులు తడుముకున్నాడు. ఫోన్ లేదని తెలిసి నీళ్ళలోంచి తీసిన చేపలాగా కొట్టుకున్నాడు. పంతుల్ని ఫోన్ అడిగితే, పంతులు అమ్మ ముఖం వైపు ఒకసారి చూసి సిగ్నల్ లేదన్నాడు. నాది చీరల సంచిలో అడుగున ఉందన్నాను. అది నా ఒళ్ళోనే, కొంగు కింద ఉంది. డ్రైవరు చేత దేవుడి పాటలు గట్టిగా పెట్టించాను. పుంగనూరు వీధులు బోసిగా ఉన్నాయి, జనమంతా టీవీల ముందున్నారు.

కొంగు కింద ఫోన్ గుర్రుమంది, పిల్లవాడి మెసేజ్. "ఫ్యూజు పీకేశాను. మా నాయన పక్కింటికి పోయి టీవీ చూస్తున్నాడు" అని ఉంది. ఇంతేనా నీ తెలివి అని తిట్టుకున్నాను. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. "మా వాళ్ళే గెలిచేట్టున్నారు. మీ అందరికీ కండువాలు తెప్పించాడు." అది చదివాక నేనే దేవుడి పాటలు శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను.

పలమనేరులో బండి ఆగిపోయింది. ముందర బైకుల ఊరేగింపు. పలకల డప్పుల మోత, ఈలలు. నాయన ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు, చెయ్యి గోతాం మీదికి పోయింది. అప్పుడు జెండాలు కనిపించాయి. ఆ పార్టీవి. బైకు మీది మనిషొకడు మా కిటికీలోకి వంగి, ప్రభుత్వం మారిపోయిందని, మామూలు గెలుపు కాదని అరిచి పోయాడు.

నాయన గోతాం మీది నుంచి చెయ్యి తీసేశాడు. ఆయన అరవడం చూశాను, తిట్టడం చూశాను, అలిగి అన్నం మానేయడం చూశాను. ఏమీ అనకుండా కూర్చోవడం అదే మొదటిసారి చూడటం. ఆ కాసేపు నా సంబంధం సంగతే మరిచిపోయాను. చెయ్యి పట్టుకుందామనుకున్నాను గానీ మా ఇంట్లో అట్లాంటి అలవాట్లు లేవు. నీళ్ళ సీసా ఇచ్చాను. తాగలేదు.

వి.కోట దాటాక నోరు విప్పాడు. "పాపం, కుప్పంలో ఆయప్ప ఎంత బాధపడతాండాడో. ఇంట్లో శుభకార్యం పెట్టుకొని ఈ పొద్దే ఇట్లాయె. మనమే పోయి నాలుగు మాటలు ధైర్యం చెప్పాల."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగిలిన దారంతా నాయన ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుంటూనే ఉన్నాడు. ఐదేళ్ళు ఎంతలో గడిచిపోతాయి, ఓడిపోవడం మనకు కొత్తా, ముందు ఆరోగ్యం చూసుకోవాలి, బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో అడగాలి. తన బాధ మింగేసి, ఆ బాధే లేని మనిషి కోసం ఇంత అల్లాడిపోతున్న ఆయనను చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెప్పేద్దామని నోటి చివరి దాకా వచ్చింది కూడా. అమ్మ నా తొడ మీద గిల్లింది.

కుప్పంలో వాళ్ళ వీధి మొదట్లోనే పలకలు మోగుతున్నాయి. వీళ్ళ వీధిలోనే ఇంత గోల పెట్టారే, ఆయన ఎట్లా తట్టుకుంటున్నాడో అని నాయన మళ్ళీ నొచ్చుకున్నాడు. సుమో ఆగింది. నాయన దిగీ దిగకముందే మామ గేటులోంచి పరుగెత్తుకొచ్చాడు. నుదుటి నుంచి గడ్డం దాకా రంగు. మెడలో ఒక కండువా, చేతి మీద ఇంకొన్ని కండువాలు. వెనక గేటు దగ్గర పిల్లవాడు తలమీద రెండు చేతులూ పెట్టుకొని నిలబడ్డాడు.

"ఏం గాదులేప్పా, ఐదేండ్లు ఎంతలో..." అని నాయన మొదలుపెట్టాడు.

మామ అది విననే లేదు. గెలిచామంటూ నాయనను వాటేసుకొని, చేతి మీది కండువా ఒకటి తీసి ఆయన మెడలో వేశాడు. పక్కనున్న బంధువెవరో ఫోన్ ఎత్తి ఫోటో తీశాడు. మా పల్లెలో పార్టీ మారడానికి ఏమేం కావాలో అన్నీ అక్కడికక్కడే అయిపోయాయి.

నాయన తల వంచి ఆ గుడ్డను చూసుకున్నాడు. చెయ్యి దాని కొస పట్టుకుంది. లాగి పారేస్తాడనుకున్నాను. పారేస్తే ఇంకేముంది, వచ్చిన దారినే సుమో ఎక్కడం. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. "నీకు తెలుసునా?" అని మెల్లగా అడిగాడు. తెలుసని తల ఊపాను. గేటు దగ్గరున్న పిల్లవాణ్ణి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. ఏడవకూడదని నేను పళ్ళు బిగించి నిలబడ్డాను, కానీ నా ముఖం ఆయనకు ఏం చెప్పిందో నాకేం తెలుసు?

ఆయన చెయ్యి కండువా వదిలేసింది. "వక్కాకు యాడ పెట్టినారు? టైమ్ అయిపోతాంది, కానీండి" అని లోపలికి నడిచాడు.

లోపల ఉడికిపోతోంది. ఫ్యూజు పీకిన మహానుభావుడు దాన్ని తిరిగి పెట్టడానికి భయపడి, కరెంటు ఎప్పుడొస్తుందో అని అందరితో పాటు తానూ అడుగుతున్నాడు. నాయనకు చెమట ధారలు కడుతోంది. కండువాతో తుడుచుకోమని మామ మర్యాదగా చెప్పాడు. నాయన దాన్ని ముట్టుకోలేదు, తీయనూ లేదు. చొక్కా చేతితో తుడుచుకుంటూ కూర్చున్నాడు. మామ మాత్రం ఊరుకోడే. ఏ ఊళ్ళో ఎంత తేడా వచ్చిందో, అవతలి వాళ్ళ ముఖాలు ఎట్లా మాడిపోయాయో నాయన చెవిలో చెప్తూనే ఉన్నాడు. నాయన అన్నింటికీ ఊ కొట్టాడు. పంతులు తొందరగా మంత్రాలు చదివి పళ్ళేలు మార్పించాడు. వక్కాకు చేతులు మారింది. అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

అప్పుడు నాయన కండువా తీశాడు. విసరలేదు. ఒళ్ళో పెట్టుకొని మడత మీద మడత వేసి, మామ చేతిలో పెట్టాడు.

"బావా," అన్నాడు. ఆ పిలుపు అదే మొదటిసారి. "మీ గుడ్డ మీకిస్తాండా. నాది ఈ పార్టీ గాదు. పొద్దున్నే ఓడిపోయినోళ్ళలో నేనొకణ్ణి."

మామ చేతిలో కండువా చేతిలోనే ఉండిపోయింది. తాను అంతసేపూ చెవిలో ఊదిందంతా గుర్తొచ్చి ఉంటుంది, రంగు కింద ముఖం ఇంకా ఎర్రబడింది. "మరి ఇంతసేపు యాల ఏసుకోనుంటివి బావా?" అని అడిగాడు.

"పాప నిలబడి సూస్తాండాది గదా," అన్నాడు నాయన.

మామ కొడుకు వైపు తిరిగి, నీకూ ముందే తెలుసు కదా, ఫ్యూజు కూడా నువ్వే పీకావు కదా అని తిట్టడం మొదలుపెట్టేసరికి మా అమ్మ నవ్వేసింది. అమ్మ నవ్వితే ఎవరూ ఆపుకోలేరు. ఫ్యాన్లు తిరిగాయి, ఓళిగలు, అంటే మా వైపు బొబ్బట్లు, వడ్డించారు. మామ బయటికి పోయి, తన ఇంటి ముందు పలకలు వద్దని, టపాకాయలు అసలే వద్దని వీధి వాళ్ళకు చెప్పొచ్చాడు. గెలిచిన రోజు అట్లా చెప్పడం చిన్న సంగతి కాదు. అది చూసిన నాయన భోజనం కాగానే సుమో దగ్గరికి పోయి తన గోతాం ఈడ్చుకొచ్చాడు. మా వాళ్ళ కోసం కొన్నవి, వచ్చే ఎన్నికల దాకా దాస్తే చెమ్మగిల్లిపోతాయి, పెండ్లి కుదిరిందని కాల్చండన్నాడు. మొదటి సరానికి తానే నిప్పు పెట్టాడు. చెవులు మూసుకొని వెనక్కి పరుగెత్తుతూ మామను గుద్దుకున్నాడు. ఇద్దరూ పడబోయి ఒకరినొకరు పట్టుకున్నారు.

కథ ఇక్కడే అయిపోయి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఆ ఫోటో మా సుమో కన్నా ముందే మా పల్లె చేరింది. ఇంటికొచ్చి బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఫోన్ తీసి చూసుకుంటే అందరూ దాన్నే పంపించి ఉన్నారు. ఓడిపోయిన రోజే, ఫలితాలు పూర్తిగా రాకముందే, అందరికన్నా ముందు ఎగిరి దూకినవాడు మా నాయనేనట. నిజం చెప్పవచ్చు కదా అంటే ఆయన ఒప్పుకోలేదు. చెప్తే వియ్యంకుణ్ణి ఊళ్ళో నవ్వులపాలు చేసినట్టవుతుందన్నాడు. టీకొట్టుకు పోవడం మానేశాడు. ఇంట్లోనే టీ తాగుతూ, ఒక పూట చక్కెర ఎక్కువని, ఒక పూట పాలు పలచనని అమ్మ ప్రాణం తీశాడు. పాలు పలచనట, మా ఆవుల పాలు.

మదనపల్లెలో మా ల్యాబుకొచ్చిన ఒకతను రక్తం ఇస్తూ ఇస్తూ, మీది ఫలానా పల్లె కదా అని ఆ ఫోటో నాకే చూపించాడు. ఇట్లాంటివాళ్ళ వల్లే రాజకీయాలు చెడిపోయాయన్నాడు. సూది కొంచెం గట్టిగానే దిగింది అతనికి. తర్వాత స్టోర్ రూములోకి పోయి ఏడ్చాను. ఆ ఏడుపు గొంతుతోనే కుప్పానికి ఫోన్ చేసి, నా నోటికి వచ్చిందంతా అనేశాను. పిల్లవాడు నవ్వలేదు ఈసారి. వాళ్ళ నాయనకు చెప్పాడు.

ఆ ఆదివారం మామ బస్సులు మారి, ఆటో ఎక్కి, ఒక గంప మామిడిపండ్లతో మా ఇంట్లో దిగాడు. మంచినీళ్ళు తాగి, టీకొట్టుకు పోదాం లే అన్నాడు. నాయన రానన్నాడు. మామ ఇల్లంతా కలియజూశాడు. తలుపు వెనక మేకుకున్న మా పార్టీ కండువా కనిపించింది. దాన్ని తీసి తన మెడలో వేసుకున్నాడు. తన ఫోన్ నా చేతికిచ్చాడు.

"తీయమ్మా ఫోటో. కుప్పమంతా పంపించు. నన్ను గూడా నాలుగు మాటలు అననీ," అన్నాడు.

నేను ఫోన్ ఎత్తాను, నిజం చెప్తున్నాను, తీసేదాన్నే. నాయన మంచం మీది నుంచి గబుక్కున లేచి వచ్చి ఆ కండువా లాగేశాడు.

"వద్దు బావా. ఆ మాటలు పడేది ఎట్లుంటాదో నేను సూసినా. నీ మెడ నీకుండనీ," అన్నాడు. దాన్ని మళ్ళీ మేకుకు తగిలించి, చెప్పులేసుకొని, పద పోదామన్నాడు.

భోజనానికి పిలవమని అమ్మ పంపితే నేను టీకొట్టు దాకా పోయాను. బెంచీ నిండా జనం. మధ్యలో ఇద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చొని ఉన్నారు. కొట్టాయన గ్లాసులు ఇస్తూ, అప్పటిదాకా అందరి నాలుకల మీదా ఉన్న మాట అడగనే అడిగాడు. "ఏమప్పా, ఈ మెడకు ఒకటే గుడ్డ అంటివే?"

మామ జరిగింది చెప్పడానికి నోరు తెరిచాడు. నాయన ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"గుడ్డ ఒకటే అప్పా," అన్నాడు. "నాకు బిడ్డ గూడా ఒకతే."

కొట్టాయన గ్లాసు నాయన చేతిలో పెట్టాడు. బెంచీ మీద ఎవరో జరిగి నాయనకు ఇంకొంచెం చోటిచ్చారు. భోజనానికి పిలవడానికి వచ్చినదాన్ని, పిలవకుండానే కాసేపు అక్కడ నిలబడ్డాను.